పస్తు పెట్టి గెలిచిన పతకం

పుంగనూరులో నా దగ్గర జూడో నేర్చుకునే పిల్లలు నన్ను ఛాంపియన్ మేడమ్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కుప్పంలో చూసిన ఒక అన్నం పళ్లెం గుర్తొస్తుంది.

జూడోలో బరువును బట్టి పోటీ పెడతారు. తక్కిన ఆడపిల్లలందరికీ ఇంతకు మించకూడదని హద్దు ఉంటుంది. మా లావుపాటి వాళ్లకు మాత్రం డెబ్భై ఎనిమిది కిలోలు దాటాలి, అంతే. ఆ పైన ఎంతున్నా అడిగేవాళ్లు లేరు. జిల్లా మొత్తానికి ఆ బరువులో ఇద్దరమే ఉండేవాళ్లం. నేను మదనపల్లెలో నాలుగేళ్లుగా నేర్చుకుంటున్నదాన్ని. ఆమె గుడుపల్లె పిల్ల, చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. పోటీలకు నెల ముందు మదనపల్లె శిబిరంలో ఆ కొత్త పిల్ల నన్ను రెండుసార్లు ఎత్తి కుదేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను గానీ కడుపులో మంట చల్లారలేదు.

పోటీలు కుప్పంలో. గెలిచిన ఒక్కరికే రాష్ట్ర పోటీలకు అవకాశం. ముందురోజు సాయంత్రం స్కూలు వరండాలో భోజనాలు పెట్టారు. బరువు తగ్గాలని మిగతా పిల్లలు అన్నం ముట్టకుండా, స్వెట్టర్లు వేసుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తుతున్నారు. నేను అందరికంటే ముందే కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నాను. ఆమె పళ్లెం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అక్కా, వాళ్లెవురూ తినలా. నేను తినొచ్చునా?"

తినమని చెప్పాల్సింది.

"యాల తింటావు మే? నేనూ పస్తే. రేపు తూకం అయ్యేదాకా నీళ్లు గూడా తాగొద్దు," అన్నాను.

ఆమె పళ్లెం వెనక్కి ఇచ్చేసి వాళ్లతో పాటు పరుగెత్తింది. పొద్దున తూకంలో ఆమెకు డెబ్భై ఏడున్నరే వచ్చింది, బరువు చాలలేదని మా పోటీ నుంచి తీసేశారు. ఇంకో బరువులోకి మారే గడువు ముందే అయిపోయింది. చాప మీద కాలు పెట్టకుండానే నేను గెలిచాను. ఆమె గోడకానుకుని ఏడుస్తుంటే, సిగ్గులేకుండా పోయి ఓదార్చాను కూడా. ఆ తర్వాత రాష్ట్రంలో నిజంగానే పోరాడి పతకాలు తెచ్చుకున్నాను. మదనపల్లెలో దండలేశారు. ఉద్యోగమూ వచ్చింది. ఆమె జూడో మానేసిందని విన్నాను.

మొన్న పుంగనూరులో పిల్లల పోటీలకు ఆమే వచ్చింది, అక్క కూతుర్ని వెంటబెట్టుకుని. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"ఈ పిల్ల గూడా మన మాదిరే బరువక్కా. అందుకే తూకానికి ముందే తినిపిస్తాండాను," అని క్యారియర్ విప్పింది. రాగిసంగటి, నంజుకోడానికి ఊరిబిండి పచ్చడి. "ఆ పొద్దు మనిద్దరికీ తెలీకపాయ. పాపం, నువ్వు గూడా పస్తే ఉంటివి గదా."

చెప్పేయాలనుకున్నాను. పిల్ల ఇద్దరి మొహాలూ చూస్తోంది.

"అవును మే, తెలీకపాయ," అన్నాను.

ఆమె సంగటి ముద్ద విరిచి, "నువ్వూ తినక్కా," అంటూ నా చేతిలో పెట్టింది. తల దించుకుని తిన్నాను.