రెండు ముక్కలైన పేరు

మా వదిన గ్యాసు కట్టేసిందో లేదో మళ్ళీ మళ్ళీ చూస్తే గానీ ఇల్లు కదలదు. అలాంటి మనిషి ఆ రోజు కొటేషన్ గుర్తులు పెట్టడం మరిచిపోయింది!

గొంతు ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళ మాటలను ముందే రికార్డు చేసి దాచే విభాగం మాది. రికార్డింగు నాది, కంప్యూటరు వదినది. డిస్కు నిండిపోవడంతో కాపీలు తుడిచేయడానికి ఆమె ఒక షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటరు వరుసగా చేయాల్సిన పనుల చీటీ, రాసింది. కాపీల పేర్లను అర్రేలో నింపాలి, అంటే వరుస గదుల్లో గదికొక పేరు పెట్టాలి. ఆపైన ఏ గదిలో ఏ పేరుంటే ఆ ఫైలు చెరిపేయాలి. క్షణంలో అయిపోయింది.

తీరా చూస్తే, ఈమధ్యే గొంతు ఆపరేషనైన ఒక మాస్టారి మాటలు దాచిన ‘మాస్టారు’ ఫైలు లేదు.

“వదినా, మాస్టారి భార్య ఆ గొంతు కోసమే వచ్చి బయట కూర్చుంది.”

“తెలుసయ్యా! కాసేపు నోరు మూసుకో!”

మళ్ళీ రికార్డు చేద్దామంటే, ఆపరేషనయ్యాక ఆయనకు మాటే లేదు.

వదిన అర్రేలో ఏముందో తెర మీదికి తెప్పించింది. మిగతా కాపీల పేర్లు కలిపి రాసినవి. ‘కాపీ మాస్టారు’ ఒక్కటే మధ్యలో ఖాళీ వదిలి రాసింది. రెండు మాటలనూ ఒకే పేరుగా పట్టి ఉంచే కొటేషన్లు లేకపోవడంతో ఆ పేరు ఖాళీ దగ్గర తెగి, ఒక గదిలో ‘కాపీ’, పక్క గదిలో ‘మాస్టారు’ చేరాయి. ‘కాపీ’ అనే ఫైలే లేదు. ‘మాస్టారు’ ఉంది, అసలుది. అది పోయింది.

“కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది,” అంటూ వదిన ఏడ్చేసింది.

“ఆగు వదినా. మరి ‘కాపీ మాస్టారు’ని ఎవరు తుడిచారు?”

ఎవరూ తుడవలేదు. ఆ పూర్తి పేరు ఏ గదిలోనూ లేదు కదా!

కానీ ఆ కాపీ నేను శుభ్రం చేయకముందుది, దగ్గులూ పక్క మాటలూ అన్నీ ఉన్నాయి. భయపడుతూనే ఆవిడకు వినిపించాం. మేమిచ్చిన వాక్యాలు చదువుతూ మాస్టారు మధ్యలో ఆగి, ఆ రోజు ఎదురుగా కూర్చున్న ఆవిడతో అన్నారు.

“ఏంటే అలా చూస్తావు? పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా అసలు?”

ఆవిడ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ వింది.

“అనవసరమైనవన్నీ తీసేసి ఇస్తామండీ,” అంది వదిన.

“వద్దమ్మా, ముట్టుకోకండి.”