పొగగొట్టానికి నేను ఎంచిన మూత

పోయిన వారం మా వంటగదిలో కరెంటు చిమ్నీ బిగించడానికి వచ్చినతను, పనంతా అయ్యాక ఒక అగరొత్తి వెలిగించి, చూడండమ్మా పొగ ఎట్లా లాగేస్తుందో అని బటన్ నొక్కి చూపించాడు. అది పిసరంత పొగే. నేను మాత్రం అతనికి మంచినీళ్లు తెచ్చే నెపంతో ముందుగదిలోకి వచ్చి కూలబడ్డాను. కట్టెల పొయ్యి ముందు కళ్లు తుడుచుకున్న నా ఈడువాళ్లకైనా ఈ సంగతి చెప్పుకోవాలి.

తొంభైల నడుమ మాట. అలిపిరికి పోయే దారిలో మా అత్తవారిల్లు. మావారు తెల్లవారకముందే బస్సెక్కి కొండమీది ఉద్యోగానికి పోతే, ఇంట్లో మిగిలేది అత్తగారూ నేనూ. గ్యాసు పొయ్యి వచ్చినా అది వసారాలో మా కాఫీలకే. పెరుమాళ్లకు ఆరగింపు మాత్రం వెనక గదిలో కట్టెల పొయ్యి మీద, అదీ అత్తగారే మడి కట్టుకుని వండాలి. ఆ గది తలుపు దగ్గరగా వేసుకునేవారు గానీ గడియ పెట్టేవారు కాదు. ఎందుకు పెట్టాలి? స్నానం చేయనివాళ్లం గడప తొక్కితే వండిందంతా పారబోసి ఆవిడ పస్తుండేవారు, మాకు ఆ భయం చాలు.

ఆ పొయ్యికున్న సిమెంటు పొగగొట్టానికి పైన మూత లేదు. ఒకరోజు కొండ దిగి వచ్చిన కోతి ఒకటి సగం కొరికిన జామకాయ అందులో పడేస్తే, అది నిప్పుల్లో పడి బూడిదంతా లేచి పొంగలి మీద పడింది. ఆ పూట అత్తగారు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మూత కొనే పని నాకు అప్పగించారు. డిగ్రీ చదివినదాన్నని నాకప్పుడు కాస్త మిడిసిపాటు ఉండేది లెండి.

రేకుల అంగడాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి గొడుగులాగా నాలుగు కాళ్ల మీద నిలబడేది, చుట్టూ ఖాళీ. రెండోది అలాంటిదే, చుట్టూ సన్నటి ఇనుప వల. నేను వల ఉన్నదే కావాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది వద్దు తల్లీ. పచ్చి కట్టెలు పెడితే మసి పట్టి మూసుకునిపోతాది. కోతి వస్తాదని పొగకు దారి మూస్తావా?"

నేను వింటేనా! సరే, నెలకొకసారి దించి దులపమ్మా అన్నాడు. దులుపుతానని తల ఊపి వచ్చి, మరిచేపోయాను.

కార్తీకంలో ముసురు పట్టింది. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. ఏకాదశి ఉపవాసముండి మర్నాడు ద్వాదశి పారణకు వండుతూ, జల్లు కొడుతోందని కిటికీ కూడా మూసుకున్నారు అత్తగారు. నేను వసారాలో బియ్యం ఏరుతూ ఉంటే తలుపు కిందినుంచి పొగ పాకుతూ వచ్చింది. పిలిచాను. దగ్గు వినిపించింది. మళ్లీ పిలిచాను. ఈసారి దగ్గు కూడా లేదు.

పరుగెత్తుకెళ్లి తలుపు మీద చెయ్యి వేశాను. నేనింకా స్నానం చేయలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నవ్వకండి, తిట్టకండి. పెరట్లోకి ఉరికి, తొట్టిలోని చన్నీళ్లు నెత్తిమీద రెండు చెంబులు కుమ్మరించుకున్నాను. తడి చీర కాళ్లకు చుట్టుకుని ఒకసారి పడ్డాను కూడా. వచ్చి తలుపు తోస్తే ఏమీ కనిపించలేదు. నేలమీద తడుముతూ పోతే కిటికీ కింద ఆవిడ చెయ్యి దొరికింది. భుజాలు పట్టి పెరట్లోకి ఈడ్చుకొచ్చి వానలో పడుకోబెట్టాను. పెదవులు నల్లబడ్డాయి. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం. ఆ రెండు చెంబులే ఆవిడ ప్రాణం తీశాయి అనుకున్నాను.

ఎంతసేపటికో ఒక్క దగ్గు దగ్గి కళ్లు తెరిచారు. నా జుట్టునుంచి కారుతున్నవి వాననీళ్లో ఏవో ఆవిడకు తెలియలేదు. మాట రాగానే అడిగిన మొదటి మాట ఇదే.

"నీళ్లు పోసుకొనే వచ్చినావా, తల్లీ?"

అవునని తల ఊపాను. ఆవిడ ముఖంలో ఎంత నెమ్మది వచ్చిందని! ఆ సాయంత్రమే మావారు మూతకున్న వల పీకేశారు. మసి మందంగా పేరుకుని, వానకు తడిసి, అట్టు కట్టి ఉంది.

ఆ తరువాత ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ అత్తగారు, "ప్రాణం మీదికొచ్చినా మా కోడలు మడి తప్పలేదు" అని చెప్పుకుని మురిసిపోయేవారు. విన్నప్పుడల్లా కాఫీ కలిపే వంకతో వసారాలోకి లేచిపోయేదాన్ని. ఎవరికీ నిజం చెప్పలేదు. నేను ఆ తలుపు దగ్గర ఆగింది భక్తితో కాదు, ఆవిడ బతికి ఉంటే ఏమంటారోనన్న భయంతో.

ఇప్పుడు మా వంటగదికి తలుపే లేదు. మా కోడలు ఆఫీసునుంచి వచ్చి, భుజాన సంచీ ఉండగానే గిన్నె మూత తీసి చూస్తుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఆ నిష్ఠ పోయిందని, దేవుడి పేర వండిన ఆ పొంగలి రుచి పోయిందని నాకు ఇప్పటికీ బెంగే. కానీ నేను లోపల పడిపోతే ఆ పిల్ల ఎక్కడా ఆగకుండా వచ్చేస్తుంది. అత్తగారికి నా మీద అంతటి భరోసా ఉండే వీలు లేకపోయింది. నన్ను మెచ్చుకుంటూనే పోయారు.