అక్క సీమంతం గాజులతో క్రిస్మస్ చెట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో భయాలకు కొదవ ఉండేది కాదు. నాన్న వైపు నుంచి వచ్చిన దేవుడు అన్నీ చూస్తుండేవాడు. అమ్మ వైపు నుంచి వచ్చిన అమ్మమ్మ, ఆయన చూడకుండా వదిలేసినవి కూడా చూసేది. (నాన్నది చర్చి కుటుంబం, అమ్మమ్మది కోహీర్‌లో తులసికోటకు నీళ్లు పోసే ఇల్లు. అమ్మానాన్నల పెళ్లయ్యాక కొన్నేళ్లు ఇరువైపులా మాటల్లేవట. నేను పుట్టేసరికి మాటలు కలిశాయి, రెండు వైపుల నియమాలూ మా ఇంట్లోనే కాపురం పెట్టాయి.) ఇప్పుడు డిసెంబర్ వస్తే జహీరాబాద్ దుకాణాల్లో చెట్టుకు కట్టే ప్లాస్టిక్ బంతులు గుత్తులుగా వేలాడుతుంటాయి, మా పిల్లవాడు అడిగినన్ని కొనిస్తాను. “ఇంట్ల చేద్దామమ్మా” అంటే మాత్రం ఇప్పటికీ మాట మార్చేస్తాను.

నాకప్పుడు పదకొండేళ్లు. మా క్రిస్మస్ చెట్టంటే ఇసుక బకెట్లో పాతిన సరుగుడు కొమ్మ. దానికి వేలాడదీయడానికి గాజు బొమ్మలు చేసే విద్య నాకు బళ్లో ఒక పెద్దక్లాసు అమ్మాయి నేర్పింది. మట్టిగాజును కొవ్వొత్తి మంట మీద ఒకచోట పట్టుకుంటే కాసేపటికి మెత్తబడుతుంది. అప్పుడు పట్టుకారుతో మెల్లగా నొక్కాలి. రెండు చోట్ల నొక్కితే ఆకు, ఒకచోట లోపలికి వంచితే గుండె ఆకారం. మసి తుడిచి, గోళ్లరంగుతో చుక్కలు పెట్టి, అవి ఆరకముందే చమ్కీ చల్లితే అయిపోయింది. నా చేతికున్న నాలుగు గాజులు ఒక్క గంటలో ఆకులయ్యాయి, నా ఆశ మాత్రం అప్పుడే రాజుకుంది. అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. చేతులు ఉబ్బాయని డాక్టరమ్మ ఆమె సీమంతం గాజులు తీయించేస్తే, ఎర్రవీ పచ్చవీ కలిసి బీరువాలో ఒక రేకు డబ్బాలో పడి ఉన్నాయి. డాక్టరమ్మే వద్దన్నాక అవి ఇంకెవరికి కావాలి? (ఇది నా తర్కం. ఇంత కంటే బలహీనమైన తర్కాలతో పెద్దవాళ్లు ఇళ్లు కట్టడం తర్వాత చూశాను.) ఒక్క గాజు కూడా మిగల్చలేదు. సాయంత్రం చెట్టు చూసి నాన్న, “మంచిగ జేసినవ్ బిడ్డా!” అని మెచ్చుకున్నాడు. వంగి, రంగూ చమ్కీ పూసుకున్న ఆ గాజులను అక్క కూడా పోల్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మానాన్నలు ఆమెను పక్కింటివాళ్ల కారులో దవాఖానకు తీసుకెళ్లారు. అంతకు ముందురోజే జామకాయల సంచితో దిగిన అమ్మమ్మ, ఫ్లాస్కులో జావ పోస్తూ నాతో అంది: “అక్క గాజుల డబ్బా తేపో. కాన్పు చేసిన ఆయమ్మకు గవి ఇయ్యాలె. అప్పటిదాక ఒక్కటి గూడ పగలొద్దు. పగిలితే తల్లికీ బిడ్డకూ మంచిది గాదు.”

చెట్టు దగ్గరికి పరుగెత్తి ఒక ఆకును మళ్లీ మంట మీద పెట్టి గుండ్రంగా చేయబోయాను. అది గాజూ కాలేదు, ఆకుగానూ మిగల్లేదు. వంకర మూతి పెట్టుకుని నన్నే చూస్తున్నట్టుంది. లోపలి నుంచి “ఏం జేస్తున్నవే?” అని కేక వినపడగానే, దారాలతో సహా అన్నింటినీ పీకి డబ్బాలో కుక్కి మూత బిగించాను.

దవాఖానకు మేమిద్దరం ఎక్కిన ఆటో రైల్వే గేటు దగ్గర చెరకు ట్రాక్టరు వెనక ఇరుక్కుపోయింది. అమ్మమ్మ ఒళ్లో డబ్బా గలగలమన్నప్పుడల్లా ఆ చప్పుడు వినపడకుండా నేను దగ్గేదాన్ని. ‘ఏసయ్యా, అక్కనూ బిడ్డనూ కాపాడు, జన్మలో మళ్లీ గాజులు కాల్చను’ అని మొక్కుకున్నాను. ఇంతలో ఒక అనుమానం వచ్చింది. ఈ గాజుల నియమం ఆయన పెట్టింది కాదు కదా, ఆయన చేతిలో ఉంటుందో లేదో! అందుకని కోహీర్‌లో అమ్మమ్మ కొలిచే అమ్మవారికి కూడా ఒక కొబ్బరికాయ ఒప్పుకున్నాను. ఎవరికీ కోపం రాకూడదని ఇద్దరికీ వేర్వేరుగా, రెండోవారికి వినపడనంత మెల్లగా మొక్కాను.

అమ్మ లోపల అక్క దగ్గరుంది, నాన్న మందులకు వెళ్లాడు. నేనూ అమ్మమ్మా దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తలుపు వెనక అక్క అరుపులు వినపడుతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఒక నర్సు బయటికొచ్చి డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు.

“అమ్మమ్మా, అక్క బిడ్డను నేనే సంపిన!”

వరండా మొత్తం మా వైపు తిరిగింది. అమ్మమ్మ అయోమయంగా చూస్తే డబ్బా చూపించాను. మూత తీసింది. లోపల చమ్కీ పూసుకున్న గుండెలు, ఆకులు, దారాలు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిస్తే అమ్మమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె కోపం నాకు బాగా అలవాటు. ఆమె భయపడగా చూడటం మాత్రం అదే మొదటిసారి, అందుకే నా భయం పదింతలైంది.

ఆమె ఒక గుండెను తీసి అంచంతా వేలితో తడిమింది. “పగలగొట్టినవా?”

“లే... కాల్చి వంచిన.”

అమ్మమ్మ ఆ గుండెను మళ్లీ డబ్బాలో పెట్టి మూత బిగించి, “గట్ల జెప్పు మరి. పగిలితేనే దోషం. వంగితే ఏం గాదు, ఫికర్ జెయ్యకు” అంది.

“నిజంగనా?”

“మా అవ్వ చెప్పిందే. నాకు తెల్వదా?” అంటూ నన్ను దగ్గరికి లాక్కుంది. నా వీపు మీద ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. ఇద్దరం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపో తెలీదు. లోపలి నుంచి సన్నగా, కోపంగా ఒక పసిఏడుపు వినపడింది. అమ్మమ్మ కొంగుతో ముందు నా ముక్కు, తర్వాత తన కళ్లు తుడిచింది. ఆయమ్మ చేతిలో డబ్బా పెడితే ఆమె తెరిచి చూసి, “గివేం గాజులమ్మా? చేతికెట్ల ఎక్కుతయ్?” అంది. “చేతికెందుకు? చెట్టుకు కట్టుకో” అంది అమ్మమ్మ, అదేదో తరతరాల ఆచారమైనట్టు.

అమ్మమ్మ పోయిన రెండేళ్లకు నేను కడుపుతో ఉన్నాను. అప్పటికి బళ్లో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. గాజు ఎందుకు పగులుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. వంగిన గాజుల గురించి ఏ అవ్వా ఏమీ చెప్పలేదనీ, ఆ శాస్త్రం ఆ వరండాలో అప్పటికప్పుడు పుట్టిందనీ అప్పటికి నాకు బాగా తెలుసు. ఒక రోజు స్నానాల గదిలో నా చెయ్యి నల్లాకు తగిలి సీమంతం గాజొకటి పగిలింది. ముక్కలు పట్టుకుని, బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా అలాగే నిలబడ్డాను. పక్కన కూర్చుని, వణికే చేత్తో వీపు నిమురుతూ ఒక అబద్ధం చెప్పే మనిషి కావాలనిపించింది. అక్కకు ఫోన్ చేశాను. పగలబడి నవ్వింది. “నువ్వు టీచర్‌వేనా? పోనీ తియ్యే, గాజే గదా!” అంది. నవ్వు ఆపి గొంతు తగ్గించి, “ఒక్కటేనా పగిలింది?” అని అడిగింది.

మర్నాడు మొదటి బస్సుకే అక్క మా గుమ్మంలో దిగింది. ఎందుకొచ్చావంటే, పనేమీ లేనట్టు “ఊకెనే” అంది.