పొద్దున్నొక తూకం, సాయంత్రమొక తూకం

మా కంపెనీ ఇప్పుడు ఎడారిలో చమురు వెతుకుతుంది గానీ, అది పుట్టింది చమురుతో కాదు. మన దేశంలో తెల్లదొరలున్న కాలంలో జెద్దా పాతబస్తీ బలద్‌లో కాఫీ గింజలు, యాలకులు, చక్కెర అమ్మిన వర్తక కోఠీ అది. ఓడల నుంచి మూటలు మోసే హమాలీలు యాలకులు దాచుకుపోతారని, పనికి వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి వాళ్లను కాటా మీద నిలబెట్టి తూచేవారట. కోఠీ పోయింది, యాలకులూ పోయాయి. ఆ ఇనుప కాటా మాత్రం భద్రంగా మా గోదాము గేటు దగ్గరికి వచ్చి చేరింది.

గోదాములో ఉండేవి రాళ్లు. బోరు దించినప్పుడు భూమి లోపలి నుంచి కడ్డీల్లా వచ్చే రాళ్లను పెట్టెల్లో పేర్చి, నంబర్లు వేయడం మా పని. ఆ రాతిముక్కలను చూసి కింద నూనె ఉందో లేదో చెప్పేస్తారట. అందుకని ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు. ఇంజనీర్లు సంచులు ఊపుకుంటూ పోయేవారు, వాళ్లను అడిగే నాథుడు లేడు. కాటా కూలీలకే. సాయంత్రం ముల్లు పొద్దుటికంటే అరకిలో ఎక్కువ చూపిస్తే పక్కగదిలో బట్టలు విప్పించేవారు.

ఒళ్లు మండిపోయేది. అయినా రెండేళ్లు నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాతో పనిచేసే పెద్దాయనది మా జగిత్యాల వైపే. కాకా అని పిలిచేవాణ్ణి. షుగరు మనిషి, సీసాల కొద్దీ నీళ్లు తాగేవాడు. గోదాములో ఏసీ, చెమట పట్టదు. ఇంకేముంది, ముల్లు పెరిగేది. ఒకే వారంలో మూడుసార్లు ఆయనను ఆ గదిలోకి తీసుకుపోయారు. మూడోసారి అంగీ గుండీలు తప్పుగా పెట్టుకుని బయటికి వచ్చాడు.

"మనుమలున్నోన్ని రా," అన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం దాటాక నీళ్లు ముట్టడం మానేశాడు. ఎంత చెప్పినా వినలేదు. నాలుగో రోజు పెట్టెల మధ్యనే కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించిన డాక్టరు, ఇంకోసారి ఇలా నీళ్లు మాని ఒళ్లు ఎండబెట్టుకుంటే ప్రాణానికే ముప్పని చెప్పాడు.

కాక తిరిగి పనిలోకి వచ్చిన రోజు సాయంత్రం, కాటా దగ్గర నేనే ముందు నిలబడ్డాను. మా సూపర్‌వైజరు కోస్తా జిల్లాల మనిషి, తెలుగువాడే. ఆయన ముందే రెండు లీటరు సీసాల నీళ్లు తాగేసి కాటా ఎక్కాను.

"రెండు కిలోలు పెరిగిన సార్. ఎతుకుండ్రి. రాయి కడుపులున్నదేమో!"

"ఏంటయ్యా ఈ సీను? రూల్ ఈజ్ రూల్. తాతల కాలం నుంచీ ఉన్న సిస్టమ్ ఇది."

"గప్పుడు యాలకులు దాసుకున్నరేమో. మేం రాళ్లు మింగుతమా? మీరు గూడ ఎక్కుండ్రి, పగటీలి బిర్యాని తిన్నరు గదా. ముల్లు యాడికి పోతదో సూద్దాం."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు మొహం కందిపోయింది. "రేపే ఎగ్జిట్ కొట్టించి ఇండియా పంపించేస్తా నిన్ను!"

"కొట్టియ్యుండ్రి!" అన్నాను. కాటా మీద నుంచి కదల్లేదు.

సూపర్‌వైజరు నన్ను పక్కకు నెట్టి, "నెక్స్ట్!" అని అరిచాడు. కాక వంతు. ఆయన తొందరపడలేదు. సీసా మూత తీసి, అందరి ముందూ చివరి చుక్క దాకా తాగి, కాటా ఎక్కాడు. ముల్లు అరకిలో దాటింది. సూపర్‌వైజరు పక్కగది వైపు చెయ్యి చూపించాడు.

"నేను రాను సార్," అన్నాడు కాక. "దూపయితే తాగుత. అంగీ మాత్రం ఇప్ప. ఇంటికి తోలుతవా, తోలు."

కాటా దిగి మా క్యాంపు బస్సు వైపు నడిచాడు. ఆయన వెనకాల మేమందరం నడిచాం. ఆ సాయంత్రం మాలో ఒక్కడు కూడా ఆ గదిలో అడుగు పెట్టలేదు.