గేమ్ డబ్బాకు ఆయుధపూజ

ఒక్క దెబ్బకు మా ఇంటి ఓనర్ అంకుల్ చేతికి జరిగే వైద్యం మొత్తం బంద్ పెట్టిన మహానుభావుణ్ణి నేను. ఎట్లనో చెప్తా, జర నవ్వు ఆపుకొని వినుండ్రి.

అప్పుడు నల్గొండ దిక్కు మా ఊరి నుంచి వచ్చి, ఎల్బీనగర్‌ల గుంటూరోళ్ల ఇంటి మీది గదిల కిరాయికుంటున్న. ఆ ఆంటీ, అంకుల్ నన్ను కిరాయిదారు లెక్క ఏనాడూ చూడలే. నాకు జ్వరమొస్తే ఆంటీ జావ తెచ్చి, తాగేదాకా నెత్తి మీద నిలబడేది. నేను ఇంటర్వ్యూలకు పోతే అంకుల్ స్కూటర్ మీద దింపి, బయటికొచ్చేదాకా గేటు కాడనే ఉండేటోడు. గసువంటి మనిషి బాత్రూంల జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నడు. కట్టు ఇప్పినంక చెయ్యి లేస్తలేదు. రోజూ ఎత్తకపోతే గట్లనే బిగుసుకపోతదని ఫిజియో డాక్టర్ భయపెట్టిండు. కసరత్తుకు తాడిస్తే అంకుల్ దాని మీద తువ్వాల ఆరేసిండు.

అప్పుడు అక్కరకొచ్చింది, వాళ్ల బిడ్డ కాలేజీల ఉన్నప్పుడు కొనుక్కొని అటక మీద వదిలేసిన గేమ్ డబ్బా. అంతకుముందు వీడియో గేమంటే సోఫాల కూసోని బొటనవేళ్లు అరగదీసుకునుడే కదా! ఈ డబ్బా ఇంటిల్లిపాదిని లేపి నిలబెట్టింది. రిమోట్ పట్టుకొని నిజంగ బంతి ఇసిరినట్టు చెయ్యి ఊపితే, తెర మీద బంతి ఉరుకుతది. రిమోట్ ఎగిరిపోకుండ మణికట్టుకు తాడు. టీవీ ముందట, డబ్బాతోనే వచ్చిన ఒక సన్నని నల్ల పట్టీ. కొత్తవి వచ్చినంక కంపెనీ ఈ డబ్బాను చేసుడే బంద్ పెట్టింది.

బంతి దొర్లించి ఎదురుంగ నిలబెట్టిన పిన్నులను పడగొట్టే బౌలింగ్ ఆట పెట్టి రిమోట్ చేతికిచ్చిన. అంకుల్ మొదట మూలిగిండు. కొన్ని పిన్నులు పడంగనే, "ఏవోయ్ శేఖరూ, ఇంకోటి పెట్టు" అన్నడు. దసరా వరకు చెయ్యి చెవి దాకా లేచింది. ఆ డబ్బాను చూస్తే నాకు దండం పెట్టబుద్ధయ్యేది. పెట్టి ఊకుంటే అయిపోతుండె.

"ఆంటీ, స్కూటర్‌కు పూజ చేసిన్రు, మిక్సీకి బొట్టు పెట్టిన్రు. అంకుల్ చెయ్యి లేపిన డబ్బాకు పూజ లేకుంటే ఎట్ల?"

"నిజమే నాన్నా! నువ్వు కానివ్వు, నేను కర్పూరం తెస్తా."

"బొట్టు వరకూ చాలు కదటోయ్," అన్నడు అంకుల్ సోఫాల నుంచి. పెద్దలు చెప్తే వినే వయసా నాది?

డబ్బాకు పసుపు, రిమోట్‌కు కుంకుమ, తాడుకు బంతిపువ్వు. కొబ్బరికాయ దిష్టి తీసి టీవీ కింది గ్రానైట్ బండకు కొట్టిన. పగలలే. రోషమొచ్చింది. బలమంతా పెట్టి ఇంకో దెబ్బ కొట్టిన. కాయ పగిలింది, దాని కింద పడ్డ నల్ల పట్టీ కూడ పగిలింది. నీళ్లన్నీ దాన్లకే పోయినయి.

"ఏంటయ్యా ఆ చప్పుడు?" అన్నది ఆంటీ వంటింట్ల నుంచి.

"కొబ్బరికాయ ఆంటీ."

"ఇంకేదో కూడా విరిగినట్టుందే?"

"అది... అది కూడ పూజలదే ఆంటీ."

డబ్బా మంచిగనే ఉన్నది. కానీ రిమోట్ చూపిస్తే తెర మీద ఒక చెయ్యి గుర్తు రావాలె. దానితో ఆట మీద నొక్కితేనే ఆట మొదలయితది. ఆ గుర్తు వస్తలేదు. తెల్లారి పట్టీ పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలన్నీ తిరిగిన.

"అన్నా, గిది ఏ కాలందన్నా? కంపెనీనే మర్చిపోయి ఉంటది," అన్నడు ఒకాయన. ముక్కు కాడ పెట్టుకొని, "చట్నీల ముంచినవా ఏంది?" అని కూడ అడిగిండు.

ఆట బంద్. చెవి దాకా పోయిన చెయ్యి మళ్ల మీసం కాడికి దిగింది. "పోనీలేవోయ్, నువ్వేమన్నా కావాలని చేశావా?" అంటడు అంకుల్. తిట్టినా బాగుండు, అన్నం అన్న తినేటోణ్ణి.

ఒకనాటి సాయంత్రం ఆంటీ నన్ను నిలదీసింది. "అసలు ఆ రోజు దీపం పెట్టావా?"

"లేదాంటీ."

"దీపం పెట్టకుండా కాయ కొడతారటయ్యా ఎవరైనా? మళ్లీ మొదటినుంచీ చేద్దాం. నువ్వు మాత్రం దూరంగా నుంచో."

పట్టీ ఉన్న జాగల అటొకటి ఇటొకటి ప్రమిద పెట్టి ముట్టించింది. ఆమె మాట కాదనలేక అంకుల్ డబ్బా ఆన్ చేసి రిమోట్ చూపిండు. తెర మీద చెయ్యి గుర్తు! జర వణుకుతున్నది, కానీ ఉన్నది!

"శేఖరూ, వచ్చిందోయ్!"

ఆంటీ లెంపలేసుకున్నది. చూసి నేను కూడ ఏసుకున్న. తర్వాత తెలుసుకున్నదేందంటే, ఆ పట్టీల ఉండేది మన కంటికి కనబడని వెలుగిచ్చే చిన్న దీపాలేనట. రిమోట్ వాటినే చూస్తదట. దీపం మంటల కూడ ఆ వెలుగుంటదట. ఇదంతా ఆంటీకి వివరించిన.

"కంటికి కనపడని వెలుగునే మేము దేవుడంటాం. నువ్వు నోరు మూసుకుని నూనె పొయ్యి," అన్నది.

రోజూ దీపం, రోజూ బౌలింగ్. మళ్ల దవాఖానకు పోతే డాక్టర్ పరేషాన్ అయిండు. "ఇంత బాగ లేస్తున్నది, ఏం చేసిన్రు సార్?"

అంకుల్ నోరు తెరిచేలోపలనే ఆంటీ, "సాయంత్రం పూట టీవీకి దీపం పెడుతున్నామండీ," అన్నది.

డాక్టర్ నా దిక్కు చూసిండు. నేను ఫ్యాన్ దిక్కు చూసిన.

బయటికి రాంగనే అంకుల్ ఆ కుడిచెయ్యి ఎత్తి నా నెత్తి మీద టంగుమని ఒక మొట్టికాయ ఏసిండు. నేను ఆయన కంటే జానెడు పొడుగు! అంత సంతోషంగ నేనెన్నడూ దెబ్బ తినలే. ఏడ్పొచ్చింది, దేవుని తోడు.

ఆ మొట్టికాయ సాక్షిగ ఒట్టు పెడుతున్న: ప్లగ్గున్న ఏ వస్తువు కాడ కూడ ఈ జన్మల కొబ్బరికాయ పట్ట. బొట్టు పెడత, దండం పెడత, చేతులు ఎనకకు కట్టుకొని గేటు బయట నిలబడత.