హరిత సెంప్రాన్, ఈశ్వరయ్య సెలెరాన్

హరిత ఇప్పుడు రాయదుర్గంలో ఒక కంపెనీలో డిజైనర్. ఫోన్ యాప్‌ల తెరలు ఎలా కనిపించాలో ఆమె బృందమే గీస్తుంది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, లింగంపల్లిలో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తూ నేర్చుకున్నానంటుంది. వాళ్లు వేళాకోళం అనుకుంటారు.

2006లో ప్రొద్దుటూరు నుంచి లింగంపల్లిలోని అక్కావాళ్లింటికి వచ్చి, ఇరవై ఒకటో ఏట ఈశ్వరయ్య ఫొటో స్టూడియోలో చేరింది. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకటి ఈశ్వరయ్య ఏరికోరి తెచ్చుకున్న సెలెరాన్. రెండోది, పని పెరిగాక ఆయన భార్య చంద్రమ్మ సికింద్రాబాద్ వెళ్లి బేరమాడి తెచ్చిన సెంప్రాన్. రెండూ చవక రకం ప్రాసెసర్లే. రెండింటికీ ఒక్కటే కోర్, అంటే ఒకేసారి ఒక్క పనే. ఫొటోకి ఎఫెక్ట్ వేస్తున్నంతసేపూ మౌస్ కూడా సరిగా కదిలేది కాదు. పక్కన పాట పెట్టుకుంటే అది నత్తిగా పాడేది.

తనను అడక్కుండా కొన్నదని ఈశ్వరయ్యకు సెంప్రాన్ మీద కోపం. దాన్ని హరితకు అప్పజెప్పాడు.

"నాది రెండు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్. నీది ఒకటి పాయింట్ ఎనిమిది. ఇగ పోల్చుడేంది?" అనేవాడు.

"అంకె చిన్నదైతే ఏమైందన్నా? పని నాదే ముందు అవుతాంది," అనేది హరిత.

ఒక మధ్యాహ్నం తేల్చుకుందామని కూర్చున్నారు. ఒకే పెళ్లి ఫొటోను రెండింటిలోనూ తెరిచారు. పెళ్లికూతురి వెనకున్న జనాన్ని మసకబరిచే ఎఫెక్ట్ పెట్టి, చంద్రమ్మ "ఊఁ" అనగానే ఇద్దరూ ఎంటర్ కొట్టారు. పని ఎంతయిందో చూపే నీలం గీత మెల్లగా పాకడం మొదలైంది. చేసేదేమీ లేక హరిత ఆ ఫొటోనే చూస్తూ కూర్చుంది. కాసేపట్లో మసకబారబోతున్న ఆ జనంలో ఒక ముసలామె, చేతిలో సగం కొరికిన లడ్డూతో, నోరంతా తెరిచి నవ్వుతోంది.

సెంప్రాన్ ఏడు సెకన్లు ముందు ముగించింది.

"నా దాంట్ల వైరస్ స్కాన్ నడుస్తుండె. మళ్ల పెట్టు," అన్నాడు ఈశ్వరయ్య.

స్కాన్ ఆపి పెట్టినా రెండు సెకన్లు సెంప్రాన్‌దే పైచేయి. మూడోసారి ఫొటోలన్నిటినీ చిన్నవి చేసే పని పెడితే సెలెరాన్ నెగ్గింది. ఆయన వెంటనే ఛాయ్ తెప్పించాడు.

"రెండూ గంతే. ఇగ పని చూసుకోండ్రి," అని చంద్రమ్మ లేచిపోయింది.

హరిత మాత్రం ఆ ఎఫెక్ట్ తీసేసింది. ముసలామెను విడిగా తీసి, ఆల్బమ్‌లో ఒక పేజీ అంతా ఆమెకే ఇచ్చింది.

"గామె ఎవరో ఏమో! ఆల్బమ్ పెళ్లి పిల్లది కదా?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఉండనీన్నా. బాగుంది."

వారం తర్వాత ఆల్బమ్ కోసం వచ్చిన పెళ్లివారితో ఆమె కూడా వచ్చింది. పెళ్లికూతురి మేనత్త, పేరు కొమురమ్మ. పేజీలు తిప్పుతూ తిప్పుతూ తన బొమ్మ దగ్గర ఆగిపోయింది. "అయ్యో, గిట్ల నవ్విన్నా నేను!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వింది. వెళ్తూ వెళ్తూ హరిత గడ్డం పుణికింది.

ఆ తర్వాత కంప్యూటర్ ఆగినప్పుడల్లా ఈశ్వరయ్యే, "చూడు, అండ్ల ఇంకెవలున్నరో చూడు," అనేవాడు. ఆరేళ్లు హరిత అలా చూస్తూనే పని నేర్చుకుంది.

ఈ వేసవిలో ఆయన ఫోన్ చేశాడు. మోకాళ్లు నిలవనివ్వడం లేదు, స్టూడియో మూసేస్తున్నానన్నాడు. "పాత పెళ్లిళ్లన్నీ ఆ రెండిట్లనే ఉన్నయ్ బిడ్డా. జర వస్తవా?"

హరిత సెలవు పెట్టి తెల్లాపూర్ నుంచి వెళ్లింది. సెలెరాన్ లేచింది. సెంప్రాన్ లేవలేదు, లోపల కరెంటు అందించే డబ్బా పోయింది. సెలెరాన్‌లోని ఫొటోలన్నీ కాపీ చేసుకున్నాక, దాని డబ్బా విప్పి సెంప్రాన్‌కు తగిలించింది. ఫ్యాన్ గుర్రుమంటూ తిరిగింది.

"ఇగ రెండూ ఒకేసారి నడువయ్," అన్నాడు ఈశ్వరయ్య.

కాపీ సాయంత్రం దాకా సాగింది. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వస్తే రేపు మాట్లాడతానంది. చంద్రమ్మ పెట్టిన పచ్చిపులుసన్నం తింటూ ముగ్గురూ తెర మీది మొహాలను గుర్తుపట్టారు, కొందరిని పట్టలేకపోయారు. అన్నీ అరచేతిలో పట్టే ఒక డిస్క్‌లోకి వచ్చాయి. చీకటి పడకముందే ఈశ్వరయ్య కుర్చీ వేసుకుని, షట్టర్ మీద పెయింట్‌తో రాశాడు: 'పాత పెళ్లి ఫొటోలు కావలసినవారు ఫోన్ చేయగలరు'. కింద తన నంబరు.

మూడో రోజు షట్టర్ మీది నంబరు చూసి, మణికొండ నుంచి ప్రియాంక అనే ఆవిడ ఫోన్ చేసింది. "మా ఆల్బమ్ వానకు తడిసి అతుక్కుపోయిందండి. మీ దగ్గర ఏమైనా ఉన్నాయా?"

ఈశ్వరయ్య పెళ్లి తేదీ అడిగి హరితకు చెప్పాడు. ఆ రాత్రి తనింట్లో, వంటింటి బల్ల దగ్గర డిస్క్ పెట్టుకుని కూర్చుని ఆమె వెతికింది. నూట ఎనభై ఫొటోలు దొరికాయి. ఏవేవి పంపమంటారని అడిగితే, ప్రియాంక అన్నీ కావాలంది.