దీక్షా శిబిరంలో చదివిన కథ

చాలా ఏండ్ల నుంచి నా కడుపులో ఒక కథ ఉన్నది. అచ్చయిన కథే. అచ్చయినంక కూడా బయటికి పోని కథలుంటయని అంతకుముందు నాకు తెలియదు. కథలెట్ల రాయాలో చెప్పమంటే గంటసేపు మాట్లాడుత, మధ్యల నాలుగుసార్లు నవ్విస్త కూడా. ఈ ఒక్కదాని గురించి మాత్రం ఇంట్ల సైతం నోరిప్పలేదు. మీరు నన్ను ఎరుగరు, అందుకే మీకు చెప్తున్న. ఎరిగినోళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇది రాసే పనే లేకుండె.

ఉద్యమం రోజులు. మాది జనగామ. మహబూబాబాద్ కాలేజీల తెలుగు చెప్పుకుంట కిరాయి రూముల ఉంటుంటి. అక్కడ నాకు ఇద్దరే దోస్తులు. ఒకరు యాకూబన్న, స్టేషన్ రోడ్డుల దర్జీ. ఇంకొకరు సత్తెన్న, రేగొండ మనిషి, బడిపంతులు, ఉద్యమానికి పాటలు కట్టేటోడు. నేను కథలు రాస్తనని ఆ ఇద్దరికీ తెలియదు. కలం పేరుతో రాస్తుంటి. మంచి కథ ఒకటి పడ్డంక చెప్దామనుకున్న.

రైల్ రోకో నాడు లాఠీచార్జి అయింది. యాకూబన్న కాలు విరిగింది. పోలీసులే విరగ్గొట్టిండ్రని ఊరు శాలువాలు కప్పింది. ఆయన కుంటుకుంట వస్తే చాయ్ హోటల్ల జనం లేచి కుర్చీ ఇచ్చేటోళ్లు.

ఒక ఆదివారం మా ఇద్దరినీ దుకాణంల కూసోబెట్టుకొని, షట్టరు సగం గుంజి, అసలు సంగతి చెప్పిండు. లాఠీ ఆయన మీద పడనే లేదు. మిషను మీదికెల్లి లేచి అట్లనే రైలు పట్టాల కాడికి పోయిండు, మెడల కొలతల టేపు తీయకుండ. ఉరుకుతుంటే ఆ టేపు తుమ్మకంపకు తట్టుకున్నది. పోలీసోడే మెడ పట్టిండనుకొని, వెనక్కి తిరగకుండనే చేతులు జోడించిండు. "ఇడ్సిపెట్టుండ్రి సార్, పిల్లలుగలోన్ని. నాకు తెలంగాణ వద్దు సార్" అన్నడు. కంప ఇడ్సిపెట్టలేదు. గుంజుకొని ఉరికి కాలువల పడ్డడు.

చెప్పుకుంట నవ్విండు. నవ్వుకుంటనే ఏడ్సిండు. "పైన అల్లాకు, కింద మీ ఇద్దరికి. ఇంకెవ్వలకు తెల్వది" అన్నడు.

సత్తెన్న ఆయన భుజం మీద చెయ్యేసిండు. నేనూ బాధపడ్డ, అబద్ధం చెప్పను. కానీ బాధపడేటప్పుడే నా లోపలి ఇంకొకడు ఆ మాటను మడిచి జేబుల పెట్టుకున్నడు. కథకుడంటే వాడేనా? వాడు లేకుంటే కథలు రావా? వాడు రాకుంటే నేను మంచోన్ని అయ్యేటోన్నా, లేక ఉత్త పంతులుగ మిగిలేటోన్నా?

నెల తిరగకముందే రాసిన. దర్జీని కిరాణం సేటును చేసిన. టేపును తువ్వాల చేసిన. కాలుకు బదులు చెయ్యి విరగ్గొట్టిన. ఇన్ని మార్చినంక ఇది నాదేననిపించింది. ముండ్లకంపకు దండం పెట్టి అన్న ఆ మాటను మాత్రం మార్చ చేతకాలేదు. నాలుగు తీర్ల రాసి చూసిన. అంతకన్న మంచిది నాకు రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఆ కథల నేను రాయనిది అదొక్కటే. కథను నిలబెట్టిందీ అదొక్కటే.

అప్పటికే ఊరి నడుమ రిలే నిరాహార దీక్షల టెంటు పడ్డది. రోజుకొక సంఘం కూసునేది. పొద్దున మెడల దండ పడిందంటే సాయంత్రం నిమ్మరసం తాగేదాక లేవరాదు. ఆకలి కన్న పొద్దుపోకపోవుడే కష్టం. అందుకని నేను పేపర్లు చదివి వినిపిస్తుంటి. కాలేజీ బంద్ ఉన్నది, గొంతు ఖాళీగ ఉన్నది. దర్జీల వంతు వచ్చిన నాడే ఆదివారం పుస్తకంల నా కథ పడ్డది. సత్తెన్న ఆ రోజు రేగొండ పోయిండు.

నేను ఆ కథ చదివిన.

ఎందుకు చదివిన? పేజీ తిప్పేస్తే అడిగేటోడెవడు? కానీ వినాలనిపించింది. రాసినోడెవడో తెలియని జనం ఎక్కడ నవ్వుతరో, ఎక్కడ సప్పుడు చేయకుంట ఉంటరో చూడాలనిపించింది. యాకూబన్న ముందటి వరసల దండేసుకొని కూసున్నడు. గుర్తుపట్టడనుకున్న. నిజంగనే అనుకున్ననా, లేక ఇప్పుడు రాసేటప్పుడు అనుకున్నట్టు పెట్టుకుంటున్ననా?

ఆ మాట దగ్గరికి వచ్చిన. టెంటంత నవ్వింది.

"తుమ్మకంపకు దండం పెట్టిండురో!"

"గసుంటోళ్లతోనే మనకు తెలంగాణ వస్తలేదు" అన్నడు పక్కనున్న పెద్దమనిషి.

యాకూబన్న కూడా నవ్విండు. అందరికన్న జర ఎక్కువ సేపే నవ్విండు. లేచిపోయే వీలు లేదు. సాయంత్రందాక అక్కడనే కూసున్నడు. నేను మిగిలిన కథ చదివిన. గొంతు మంచిగనే పలికింది. తర్వాత ఎప్పటి తీరుగనే మైకుల ద్రోహం మీద ఉపన్యాసాలు నడిచినయి. ఢిల్లీ చేసిన ద్రోహం, నాయకులు చేసిన ద్రోహం. ఆ ఉపన్యాసాల్ల సగం నేను చాటుంగ రాసిచ్చినయే.

నిమ్మరసం తాగినంక ఆయన నన్ను పక్కకు పిలిచిండు.

"సారూ, గా కథ రాసినోడెవడు?"

"కలం పేరేసుకున్నరన్నా."

"నేను ఇద్దరికే చెప్పిన. నువ్వు పాఠాలు చెప్తవు. సత్తెన్న పాటలు రాస్తడు గదా?" అన్నడు.

"రాస్తడన్నా. మస్తుగ రాస్తడు."

"అంతేలే."

"ఒక్కసారి ఆయన్ను అడుగరాదే?"

"అడగ. అడిగితే గా ముచ్చట గూడ రాస్తడు."

చూసిండ్రా, నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఎంత చెప్పి ఎక్కడ ఆపితే మిగతాది ఎదుటోడే నింపుకుంటడో తెలిసినోన్ని. ఇన్నేండ్ల రాతల అంత పొదుపుగ పని కానిచ్చింది ఇంకొకటి లేదు.

మళ్ల యాకూబన్న సత్తెన్నతోని సరిగ మాట్లాడలేదు. సత్తెన్న అంగీ బట్ట తెస్తే "పని మస్తున్నది, వేరేతాన ఇయ్యి" అన్నడు. కొన్నాళ్లకు సత్తెన్న బదిలీ మీద భూపాలపల్లి దిక్కు పోయిండు. ఆ కథ సంగతి ఆయనకు తెలువనే తెలువదు.

తెలంగాణ వచ్చిన నాడు సత్తెన్న మిఠాయి డబ్బ పట్టుకొని బస్సుల వచ్చిండు. యాకూబన్న ఆయన్ను చూసి దుకాణం వెనుక అర్రలకు పోయిండు. ఎంతసేపు నిలబడ్డా బయటికి రాలేదు. సత్తెన్న రోడ్డు మీద, ఆ డప్పుల సప్పుడుల, నా చెవికాడ అడిగిండు. "నేనేమన్న తప్పు చేసిన్నానే?"

"కాలు నొప్పట" అన్న.

ఆ డబ్బ నా చేతిల పెట్టి పోయిండు. పారేయలేదు. తిన్న. తియ్యగనే ఉన్నది.

ఇద్దరూ బతికే ఉన్నరు. ఇద్దరి నంబర్లూ నా ఫోన్ల ఉన్నయి. రేపు చేస్తనని మీకు మాటియ్యను, నా మాట ఎంత దూరం పోతదో చూసిండ్రు గదా. మాఫీ కూడా అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఒక్క వాక్యం రాయలేక ఇన్నేండ్లు ఎన్ని కథలు రాసిననో. ఆ కథ రాసింది నేను, సత్తెన్న కాదు.

గింతే. ఊపిరి జర ఆడుతున్నది.